ఇంటికి పంపేసిన కుక్కల సంగతి కూడా రాయండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. మీ ఆదివారం సంచికలో కెరీర్ పేజీ చదివాను. కుక్కల పెంపకంతో బతుకుతెరువు అన్న వ్యాసంలో రిట్రీవర్లు అనే వేటకుక్కలకి పని నేర్పే ట్రైనర్ల గురించి ఒక పేరా ఉంది. అమెరికాలో మంచి గిరాకీ ఉందనీ, జంతువులంటే ఇష్టం ఉంటే చాలనీ, మూడు నెలల కోర్సు చేసి సొంతంగా మొదలుపెట్టొచ్చనీ, పనల్లా బంతి విసిరితే తెచ్చివ్వడం నేర్పడమేననీ రాశారు. రాసినవారి మీద నాకు కోపం లేదు, ఏడేళ్ల కిందట నన్ను అడిగినా ఇంచుమించు అదే చెప్పేవాణ్ణి. కానీ అది చదివి ఎవరైనా కుర్రాడో అమ్మాయో ఉన్న ఉద్యోగం వదిలేసి అటు వెళ్తారేమోనని టెన్షన్ పట్టుకుని ఇది రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఎక్కడ కత్తిరించుకుంటారో మీ ఇష్టం.

ముందు నేనెవరో చెప్పాలి కదా. ట్రైనర్ని కాను. మిన్నెసోటాలో ఉంటాను, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. ఏడేళ్ల కిందట ఒక నల్ల ల్యాబ్రడార్ పిల్లని తెచ్చుకున్నాం, పేరు బుజ్జి. ఆఫీసులో ఒకాయన బాతుల వేటకి వెళ్తుంటే నేనూ రెండుసార్లు వెంట వెళ్లి ఆయన కుక్క చేసే పని చూసి నోరు తెరుచుకుని ఉండిపోయాను, మన బుజ్జి కూడా అలా చేయాలని ఆశ పుట్టింది. ఊరి బయట ఒక ట్రైనర్ దగ్గర పెట్టాం. ఐదు నెలల తర్వాత ఆయన ఫోన్ చేసి, వచ్చి తీసుకెళ్లిపొమ్మన్నారు. ఆ కోపం తగ్గడానికి నాకు ఏడాది పట్టింది, తగ్గాక ఆయన దగ్గరే శనివారాలు, కుక్కల పాఠాల కోసం చచ్చిన పక్షులు విసిరే పనికి కుదిరి నాలుగేళ్లు చేశాను. కాబట్టి నాకు తెలిసిందంతా పొలంలో తెల్ల కోటు వేసుకుని చచ్చిన బాతు పట్టుకుని నిలబడి తెలుసుకున్నదే.

బంతి సంగతి. రిట్రీవర్ పని వేటగాడు కొట్టిన పక్షిని వెతికి, నలగకుండా నోట పట్టుకుని తెచ్చి చేతికివ్వడం. ఇందులో రెండు రకాలున్నాయి. పక్షి పడటం కుక్క కళ్లారా చూస్తే దాన్ని మార్క్ అంటారు, చూడకపోతే బ్లైండ్. మార్క్ అంటే జ్ఞాపకం. మూడు పక్షులు మూడు వైపుల పడితే ఒకటి తెచ్చి, రెండోది తెచ్చి, ఈలోపు పది నిమిషాలు గడిచినా మూడోది ఏ గడ్డిలో పడిందో గుర్తుపెట్టుకుని తిన్నగా అక్కడికే పోవాలి, చుట్టుపక్కల ఎకరం మేర ముక్కు నేలకి రాస్తూ తిరిగితే పోటీలో వెనకబడుతుంది. ఇది చాలావరకు పుట్టుకతో రావాల్సిందే, ట్రైనర్ పదును పెడతాడు అంతే. బ్లైండ్ అలా కాదు. అక్కడ ఏదో ఉందని కుక్కకి తెలియదు, దానికి కనపడదు, వాసన కూడా రాదు. పక్కనున్న మనిషి చెయ్యి చూపించి బ్యాక్ అంటే ఆ దిక్కుకి తీసిన గీతలా పరిగెత్తాలి, మధ్యలో విజిల్ ఒక్కసారి మోగితే ఎక్కడున్నది అక్కడ కూర్చుని వెనక్కి తిరిగి మనిషి చెయ్యి చూడాలి, కుడిచెయ్యి చాపితే అటు, ఎడమచెయ్యి చాపితే ఇటు, నిటారుగా పైకెత్తితే ఇంకా ముందుకి. ఆ మనిషి మూడు వందల గజాల అవతల అగ్గిపుల్లంత ఉంటాడు. కుక్కకి కనపడాలనే పోటీల్లో ఆయన తెల్లచొక్కా వేసుకుంటాడు.

ఇప్పుడు దీన్ని నీళ్లలో ఊహించుకోండి. ఎదురుగా చెరువు, పక్షి అవతలి గట్టున, గట్టు వెంబడి పరిగెత్తితే సగం సమయంలో చేరొచ్చు. కాస్త తెలివున్న ఏ ప్రాణైనా గట్టు పట్టుకునే పోతుంది, నేనైనా అంతే. కానీ అలా పోవడాన్ని ఇక్కడ చీటింగ్ అంటారు, ఎందుకంటే గట్టు చుట్టూ తిరిగిన కుక్క తనకిచ్చిన దిక్కు మర్చిపోతుంది. అందుకని చల్లటి నీళ్లలో ఏటవాలుగా దూకి, ఒక మూల నేలెక్కి, మళ్లీ నీళ్లలో దిగి, గీత తప్పకుండా వెళ్లాలి. పక్కనుంచి గాలి తోస్తుంటుంది, వాలు కిందకి లాగుతుంటుంది, పొదలు దారి మళ్లిస్తుంటాయి. కుక్క సహజ బుద్ధికి విరుద్ధమైనదాన్ని కుక్కే ఉత్సాహంగా చేసేలా నేర్పాలి, భయపడుతూ చేస్తే అది పనికిరాదు, జడ్జిలకీ నచ్చదు. మూడు నెలల కోర్సులో ఇది ఎన్నో వారంలో చెప్తారో మీ రచయితని అడిగి చెప్పండి.

ఈ విద్య కూడా ఆకాశంలోంచి ఊడిపడలేదు. అమెరికాలో కుక్కల పోటీలు చూసుకునే సంస్థ అమెరికన్ కెనెల్ క్లబ్ గుర్తింపుతో మొదటి రిట్రీవర్ పోటీ జరిగింది 1931 డిసెంబర్‌లో, న్యూయార్క్ రాష్ట్రంలోని చెస్టర్‌లో. అప్పట్లో అది ధనవంతుల సరదా, ఎస్టేట్లు వాళ్లవి, కుక్కలు వాళ్లవి, నేర్పడానికి మాత్రం స్కాట్లండ్ నుంచి గేమ్‌కీపర్లని, అంటే ఎస్టేట్లలో వేట పక్షుల్ని చూసుకునేవాళ్లని, రప్పించుకునేవాళ్లు. అలా వచ్చినవాళ్లలో డేవ్ ఎలియట్ ఒకడు. గొర్రెల కాపరులు విజిల్‌తో, చేతి సైగతో కుక్కని దూరంనుంచి నడిపించే పద్ధతిని రిట్రీవర్లకి పట్టుకొచ్చాడు, చూడని పక్షి దగ్గరికి కుక్కని నడిపించుకుపోయి మిగతావాళ్లని వెనక్కి నెట్టాడు. ఆ తర్వాత కాలిఫోర్నియాలోని ఎస్కలాన్‌లో రెక్స్ కార్ అనే ఆయన ఒక్కో పాఠాన్నీ చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి వరస పెట్టాడు. ఇప్పుడు పొలంలో మనం చూసే ట్రైనర్లలో చాలామంది ఆయన దగ్గరో, ఆయన శిష్యుల దగ్గరో, శిష్యుల శిష్యుల దగ్గరో నేర్చుకున్నవాళ్లే. సంగీతంలో గురుపరంపర చెప్పుకుంటారే, అలాగే ఉంటుంది వీళ్ల మాట కూడా, మా గురువుగారు ఫలానా ఆయన ట్రక్కులో నాలుగేళ్లు ఉన్నారు అని మొదలుపెడతారు.

ట్రక్కులో ఉండటం అంటే ఏమిటో చెప్తాను, అసలు కెరీర్ అక్కడే మొదలవుతుంది కాబట్టి. డిగ్రీ లేదు, లైసెన్సు పరీక్ష లేదు, పేరున్న ట్రైనర్ దగ్గర చేరి ముందు కెనెల్, అంటే కుక్కలుండే కొట్టం, కడగాలి. తెల్లారకముందే ఇరవై కుక్కల్ని బయటికి వదలాలి, అవి ఒకటికీ రెంటికీ వెళ్లొచ్చాక ట్రక్కు మీద కట్టిన అరల్లో ఒక్కోదాన్ని ఎక్కించాలి. ఎవరు సరిగా తిన్నారు, ఎవరిది విరేచనం పల్చగా ఉంది, ఎవరు కుంటుతున్నారు అన్నది చూసి చెప్పాలి, ఇది చెప్పలేనివాడు ఎంత బాగా విజిల్ ఊదినా లాభం లేదంటారు మా ట్రైనర్. తర్వాత పొలంలో దూరంగా నిలబడి సైగ రాగానే తుపాకీ పేల్చి పక్షి విసరాలి. వింగర్ అని పెద్ద వడిసెల లాంటి యంత్రం ఉంది, రిమోట్‌తో పనిచేస్తుంది, కానీ అది మొరాయించిన రోజు చెయ్యే దిక్కు. ఐదుసార్లు కరిగించి ఆరుసార్లు గడ్డకట్టించిన బాతు ఎలా ఉంటుందో రాయను, మీ పాఠకులు పొద్దున్నే టిఫిన్ తింటూ పేపర్ చదువుతారు. ఇలా రెండు మూడేళ్లు గడిచాక ఒక కుక్కపిల్ల ప్రాథమిక పాఠం అప్పగిస్తారు. కుక్క పక్కన నిలబడి విజిల్ ఊదే రోజు రావడానికి ఇంకెంత కాలమో ఆ కుర్రాడి కన్ను బట్టి ఉంటుంది. మధ్యలోనే మానేసిన కుర్రాళ్లని నేను నలుగురిని చూశాను, ఆ నలుగురికీ కుక్కలంటే ప్రాణం.

చలికాలం వస్తే మిన్నెసోటాలో చెరువులు గడ్డకడతాయి, నీటి పాఠాలు ఎలా చెప్తారు? అందుకని ఇక్కడి ట్రైనర్లు కుక్కల్నేసుకుని జార్జియాకో టెక్సస్‌కో వెళ్లిపోతారు, ఎండలు ముదిరే వేళకి తిరిగొస్తారు. ఏడాదిలో నాలుగైదు నెలలు ఇంట్లో ఉండరన్నమాట. దక్షిణానికి వెళ్తే పాములు, కొన్నిచోట్ల మొసళ్లు. ఉత్తరాన చలి, లోహపు విజిల్ పెదవికి అతుక్కుంటుందని ప్లాస్టిక్ విజిల్ వాడతారు. ట్రైనర్లలో చెవులు సరిగా వినపడనివాళ్లు చాలామంది, ఏళ్ల తరబడి పక్కనే తుపాకులు పేలితే ఏమవుతుంది మరి. మా ట్రైనర్‌తో మాట్లాడాలంటే కుడివైపు నిలబడాలి.

కుక్కకి పట్టే కాలం సంగతి చెప్పకపోతే మూడు నెలల మాట అలాగే ఉండిపోతుంది. పిల్లకి కూర్చో, రా, పక్కన నడువు, ఇవి ముందు. ఆరో నెలలో పాలపళ్లు పోయి గట్టి పళ్లు వచ్చాక నోట్లో పెట్టినదాన్ని నమలకుండా పట్టుకోవడం, ఇవ్వమనేదాకా వదలకపోవడం నేర్పుతారు. తేవడమనేది ఆటగా మొదలై ఈ దశలో బాధ్యతగా మారుతుంది, నా బుద్ధి పుడితే తెస్తాను అనే కుక్క నవంబర్ నీళ్లలోకి దిగదు. తర్వాత చేతి సైగలు, బేస్‌బాల్ మైదానంలా కుక్కని మధ్యలో కూర్చోబెట్టి మూడు దిక్కులా బంపర్లు, అంటే పక్షికి బదులు వాడే డమ్మీలు, పెట్టి. తర్వాత ఆ సైగలే దూరంనుంచి, తర్వాత నీళ్లలో, చివరికి ఎన్నడూ చూడని నేల మీద. వేట పరీక్షల్లో పెద్ద తరగతి అయిన మాస్టర్ స్థాయికి చేరడానికి రెండున్నర మూడేళ్లు పడితే మామూలే. అక్కడ దూరాలు దాదాపు 150 గజాల లోపు, అర్హతకి తగ్గట్టు చేస్తే ఎన్ని కుక్కలైనా పాసవుతాయి. ఫీల్డ్ ట్రయల్ అనే పోటీ వేరే లోకం, దూరాలు దానికి రెట్టింపు పైన, గెలిచేది ఒకటే. ఫీల్డ్ చాంపియన్ అనిపించుకోవాలంటే ట్రైనర్లూ పాల్గొనే ఓపెన్ తరగతిలో కనీసం ఒకసారి మొదటి స్థానం రావాలి, మొత్తం పది పాయింట్లు కావాలి, మొదటి స్థానానికి వచ్చేవి ఐదే. వారాంతంలో వెయ్యి మైళ్లు నడిపి వెళ్లి మొదటి రౌండ్‌లోనే పోయి ఖాళీ చేతులతో తిరిగొచ్చే ట్రక్కులు ఎన్నో.

కరెంటు కాలర్ గురించి దాటవేస్తే నిజాయితీ కాదు. మెడకి కట్టి దూరంనుంచి చిన్న షాక్ ఇచ్చే పరికరం, అమెరికాలో ఈ రంగంలో వాడనివాళ్లు అరుదు. 1960ల చివర్లో అమ్మకానికి వచ్చినప్పుడు దానికి ఒకటే స్థాయి, గట్టిది, అప్పట్లో దానితో పాడైపోయిన కుక్కల కథలు పాత ట్రైనర్లు ఇప్పటికీ చెప్తారు. ఇప్పుడు స్థాయిలు చాలా ఉన్నాయి, ముందే నేర్చుకున్న పాఠాన్ని గుర్తుచేయడానికే గానీ కొత్తది నేర్పడానికి కాదు అన్నది సూత్రం. తప్పు సైగ తీసుకున్న కుక్కని ఆ తప్పుకే కొట్టరు, విజిల్ ఊది కూర్చోబెట్టి, ఆ కూర్చోవడం దగ్గరే చిన్నగా చురక పెట్టి, మళ్లీ సైగ ఇస్తారు. కుక్క మనసు తేటపడి రెండోసారి సరిగా పోతుంది. నేను కళ్లారా చూశాను, పనిచేస్తుంది. అయినా నాకు పూర్తిగా మనసొప్పదు. వేల్స్‌లో 2010 నుంచి వీటి వాడకం నిషేధం. బ్రిటన్‌లో ఎన్నో తరాలుగా కాలర్ లేకుండానే కుక్కల్ని తయారుచేస్తున్నారు, వాళ్ల పోటీల తీరు వేరనుకోండి, ఇంత దూరాలు, ఇంత గీతల పట్టింపు ఉండవు. నేనీ మాటంటే మా ట్రైనర్ ఒకటే జవాబు, కోపం వచ్చిన రోజు రిమోట్ ట్రక్కులో పెట్టేసి రా అని. ఆయన నిజంగా అలా చేయడం రెండుసార్లు చూశాను. చేయనివాళ్లని కూడా చూశాను. అదృష్టవశాత్తూ నాకు ఇష్టమైనవాళ్లెవరూ వాళ్లలో లేరు.

ఇక డబ్బు. మీ వ్యాసంలో లెక్క చూసి నవ్వొచ్చింది. నేను బుజ్జికి నెలకి 850 డాలర్లు కట్టేవాణ్ణి, పక్షుల ఖర్చు వేరే. ఇరవై కుక్కలుంటే నెలకి 17,000 డాలర్లు అని మీరు వేసినట్టే నేనూ వేశాను. కానీ అందులోంచే సహాయకులిద్దరి జీతం, ట్రక్కు, డీజిల్, తిండి, తుపాకీ మందుగుండు, ఇన్సూరెన్స్ పోవాలి, అన్నిటికంటే ముందు నేల. నీళ్లు, గట్లు, రకరకాల గడ్డి ఉన్న నేల కావాలి, ఒకే నేల మీద నెల రోజులు నేర్పితే కుక్క పాఠం కాకుండా చోటు నేర్చుకుంటుంది కాబట్టి చుట్టుపక్కల రైతుల పొలాలు కూడా అద్దెకి తీసుకోవాలి. కుక్క కాలు బెణికితే ఫీజు ఆగుతుంది, ట్రైనర్ కాలు బెణికితే ఇరవై ఫీజులూ ఆగుతాయి. పెన్షన్ మాటే లేదు.

అసలు చెప్పాల్సింది ఇప్పుడొస్తుంది, ఇది మీ వ్యాసంలోనే కాదు, ఎక్కడా రాయరు. ఈ వృత్తిలో జీతం కుక్కకి నెలకింత. అంటే పనికిరాని కుక్క కూడా ట్రక్కులో ఉన్నంతకాలం డబ్బు ఇస్తూనే ఉంటుంది. యజమానికి తెలియదు, నెలకోసారి ఫోన్లో బాగా ముందుకొస్తోందండీ అంటే పొంగిపోయి చెక్కు పంపిస్తాడు, నేను పంపలేదా. కాబట్టి మీ కుక్క ఈ పనికి రాదు, తీసుకెళ్లండి అని చెప్పిన ప్రతిసారీ ట్రైనర్ తన జేబులోంచి డబ్బు తీసి బయట పారేసుకుంటున్నట్టే. పైగా పేరు చెడుతుంది, యజమాని ఊరంతా చెప్పుకుంటాడు ఆయనకి చేతకాలేదని. నేను చెప్పుకున్నాను. ఏడాది పాటు, అడిగినవాడికీ అడగనివాడికీ.

బుజ్జి సంగతి ఇదీ. చూడటానికి అన్నీ ఉన్నాయి, ముక్కు మంచిది, నోరు మెత్తన, మార్కులు గుర్తుంచుకుంటుంది. (ఒక చిన్న మాట. మార్క్‌కి పంపేటప్పుడు కుక్క పేరే ఆజ్ఞ, అందుకే ఇక్కడ అందరూ పొట్టి పేర్లు పెడతారు, బుజ్జి అనేది అలా కలిసొచ్చింది, మా ట్రైనర్ నోట్లో అది బూజీ అయినా కూడా.) కానీ బ్లైండ్‌కి పంపితే వంద గజాల దగ్గర, విజిల్ మోగకుండానే, తనంతట తానే ఆగి వెనక్కి తిరిగి చూసేది. దీన్ని పాప్ అంటారు. నాకు చూడ్డానికి ముద్దుగా ఉండేది, నాన్నా ఇటేనా అని అడుగుతున్నట్టు. ట్రైనర్‌కి అది చెడ్డ సూచన. ముందుకు వెళ్తే మంచి జరుగుతుందన్న నమ్మకం లేని కుక్క అలా ఆగుతుంది. ఒక్కోసారి నేర్పడంలో తొందర వల్ల కూడా వస్తుంది, అందుకని ఆయన ముందు తన తప్పే అనుకుని రెండు మెట్లు వెనక్కి దిగారు, దూరాలు తగ్గించారు, కాలర్ పక్కన పెట్టారు, ఎదురుగా కనపడేలా తెల్ల బంపర్లు పెట్టారు. (మామూలుగా బ్లైండ్‌కి నారింజ రంగువి పెడతారు, కుక్కల కళ్లకి ఆ రంగు పచ్చిక మీద తేలదు.) నేల మీద తగ్గింది. నీళ్లలో మళ్లీ మొదలైంది, ఈదుతూ ఈదుతూ గుండ్రంగా తిరిగి ఆయన వైపు చూసేది. ఇంకా గట్టిగా ఒత్తితే చేయిస్తాను, కానీ అప్పుడు మీ ఇంటికొచ్చేది ఈ కుక్క కాదు, అన్నారు ఫోన్లో. నాకా మాట అప్పుడు సాకులా వినిపించింది.

ఏ కుక్క పనికొస్తుందో ఏది రాదో తేల్చడం ఎంత కష్టమో తర్వాత్తర్వాత తెలిసింది. ఈ రంగంలో అందరూ చెప్పుకునే కింగ్ బక్ అనే నల్ల ల్యాబ్ 1948లో పుట్టింది, పసితనంలో డిస్టెంపర్ అనే ప్రాణాంతకమైన జబ్బు వచ్చి బతకదనుకున్నారు. ఇల్లినాయ్‌లో జాన్ ఓలిన్ అనే పారిశ్రామికవేత్త కెనెల్‌కి చేరింది, ఆ కెనెల్ పేరు నైలో, ఓలిన్ అక్షరాలే తిరగేసి పెట్టుకున్నాడు. అక్కడి ట్రైనర్ కాటన్ పెర్షల్ చేతుల్లో అది 1952లోనూ 1953లోనూ వరసగా నేషనల్ చాంపియన్ అయింది. బాతుల వేటకి ప్రతి ఏడాదీ కొనాల్సిన ఫెడరల్ స్టాంపు ఒకటుంది, దాని మీద ఎప్పుడూ బాతులో హంసలో ఉంటాయి, 1959లో మాత్రం మేనార్డ్ రీస్ గీసిన కింగ్ బక్ బొమ్మ వేశారు, నోట్లో బాతుతో. అలాంటి కుక్కని పిల్లప్పుడే వదిలించుకుని ఉంటే? వదిలేయకూడని కుక్కని వదిలేస్తే ఒక తప్పు, వదిలేయాల్సినదాన్ని పట్టుకుని కూర్చుంటే ఇంకో తప్పు, రెండో తప్పుకి మాత్రం నెలనెలా డబ్బు వస్తుంది. ట్రైనర్ విలువ తేలేది అక్కడే అని నేననుకుంటాను, గెలిచిన కప్పుల దగ్గర కాదు. గెలిచే కుక్కలు అందరికీ కనపడతాయి. 1990ల మొదట్లో మైక్ లార్డీ అనే ట్రైనర్ చేతుల్లో మూడుసార్లు నేషనల్ గెలిచిన లాటీ అనే కుక్క పేరు ఈ రంగంలో అందరికీ తెలుసు, తెలియాలి కూడా. కానీ ఏ ట్రైనర్ దగ్గరికి వెళ్లినా గోడ మీద ఫోటోలు చూశాక, గత రెండేళ్లలో ఎన్ని కుక్కల్ని ఇంటికి పంపారు, ఎన్నో నెలలో పంపారు అని అడగండి. జవాబు చెప్పడానికి ఇబ్బంది పడేవాళ్ల దగ్గర పని నేర్చుకోకండి, కుక్కనీ పెట్టకండి.

ఒంటి లోపాలు కూడా చూడాలి. ల్యాబ్రడార్లలో ఒక జన్యులోపం ఉంది, కాసేపు ఉద్రేకంగా పరిగెత్తాక వెనక కాళ్లు తూలి పడిపోతాయి, ఒక్కోసారి ప్రాణం పోతుంది. కారణమైన జన్యువు 2008లో తెలిసింది, ఇప్పుడు పరీక్ష ఉంది. అంతకు ముందు దాన్ని ఎండదెబ్బ అనో, కుక్కకి పని ఇష్టం లేదు అనో అనుకునేవాళ్లట. ఇష్టం లేదని ఎన్ని కుక్కలు తిట్లు తిన్నాయో.

ఇంకో సగం పని మనుషులతో. ఇది వచ్చినవాడికే ఈ వృత్తి నిలబడుతుంది, కుక్కలతో మాట్లాడగలిగి మనుషులతో మాట్లాడలేని మంచి ట్రైనర్లు దివాళా తీయడం మామూలే. రెండేళ్లు నేర్పిన కుక్కని యజమానికి అప్పగిస్తే రెండు వారాల్లో పాఠాలన్నీ మరిచిపోయినట్టు నటిస్తుంది, ఎందుకంటే ఈ మనిషి కూర్చో అని మూడుసార్లు అంటాడని, మూడోసారికి కూర్చుంటే చాలని అది మొదటి పూటే కనిపెడుతుంది. అమెచ్యూర్ తరగతిలో డబ్బు తీసుకునే ట్రైనర్లు కుక్కని నడిపించడానికి వీల్లేదు, చాలాసార్లు యజమానే నడిపిస్తాడు. డాక్టర్లు, లాయర్లు, నాలాంటి కంప్యూటర్ వాళ్లు, ఆఫీసులో పదిమందికి చెప్పేవాళ్లు, పొలంలో విజిల్ ఆలస్యంగా ఊది తిట్లు తింటుంటారు. ఒకావిడ అన్నారు, ఇరవై ఏళ్లలో నన్నిలా కోప్పడ్డది మా అమ్మ తర్వాత నువ్వేనయ్యా అని. మా ట్రైనర్ సారీ చెప్పి, విజిల్ మాత్రం మళ్లీ ఊదించారు.

కాబట్టి ఎడిటర్ గారూ, ఈసారి రాసేటప్పుడు ఒక ట్రైనర్ దగ్గర ఒక వారం ఉండొచ్చిన వారితో రాయించండి. జంతువులంటే ప్రేమ ఉంటే చాలు అన్న వాక్యం తీసేయండి. ప్రేమ ఉండాలి, కానీ అది పొద్దున నాలుగున్నరకి వర్షంలో కెనెల్ కడిగించేంత ఉందా అన్నది ఎవరికి వాళ్లు ఒక చలికాలం పనిచేసి చూసుకోవాల్సిందే. అలా చూసుకోదలచినవాళ్లకి ఒక దారి కూడా చెప్పండి. చాలా ప్రాంతాల్లో రిట్రీవర్ క్లబ్బులుంటాయి, వాళ్ల పోటీలకి పక్షులు విసిరే మనుషులు ఎప్పుడూ తక్కువే, శని ఆదివారాలు వస్తామంటే కాళ్లు కడిగి ఆహ్వానిస్తారు. రూపాయి ఖర్చు లేకుండా పది మంది ట్రైనర్ల పనితీరు ఒకేచోట చూడొచ్చు. అందులో ఒకరి ట్రక్కు మీద మనసు పడితే అప్పుడు అడగొచ్చు.

బుజ్జికి ఇప్పుడు ఏడేళ్లు, మూతి నెరిసింది. అక్టోబర్‌లో నాతో బాతుల వేటకి వస్తుంది, ముప్పై నలభై గజాల్లో పడ్డవాటిని చక్కగా తెస్తుంది, అంతకంటే దూరం నేనూ కొట్టలేను. ఇప్పటికీ మధ్యలో ఆగి వెనక్కి తిరిగి చూస్తుంది, నేను ముందుకి అని చెయ్యెత్తుతాను, పోతుంది. మా ట్రైనర్‌కి మొన్న వేసవిలో మోకాలి ఆపరేషన్ అయింది, ఇరవై రెండు కుక్కల్ని పన్నెండుకి తగ్గించుకున్నారు, ఏ పదింటిని పంపేయాలో తేల్చుకోవడానికి నెల రోజులు పట్టిందట. మొన్న బుధవారం ఫోన్ చేసి, సహాయకుడు మానేశాడు, శనివారం రాగలవా అన్నారు. పక్షులు విసిరే చోట్లలో మూడోది నాది, చెరువు అవతల గట్టున. తెల్ల కోటు వెతికి ఉతికి ఆరేశాను, వాసన మాత్రం పోలేదు.

ఇట్లు,
మీ పాఠకుడు,
మిన్నెసోటా